సొంత కొవ్వుతో ఫిస్టులాకి చికిత్స చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నమస్కారం అండి. నాకు రెండేళ్లుగా ఫిస్టులా, అదే భగందరం, మలద్వారం లోపలి నుంచి పక్క చర్మానికి పడే చీము దారి. మొదట చీముగడ్డ అని కోసి వదిలేశారు. నెలన్నరకే పక్కన ఇంకో రంధ్రం పడింది. ఎమ్మారై తీస్తే దారి కండరాన్ని దాటి పైకి వెళ్లిందని, మధ్యలో ఒక కొమ్మ కూడా చీలిందని తేలింది. కోసి తెరిస్తే మలం ఆపుకునే పట్టు పోవచ్చని ఆ ఆపరేషన్ వద్దన్నారు. ఎనిమిది నెలలుగా సీటాన్ దారంతోనే, అంటే చీము నిలవకుండా కారిపోవడానికి ఆ దారిలోంచి వేసి ముడేసిన దారంతోనే, నెట్టుకొస్తున్నాను. కూర్చున్నప్పుడల్లా ముడి గుచ్చుకుంటుంది. జేబులో రుమాలు మర్చిపోయినా గాజుగుడ్డ ముక్క మాత్రం మర్చిపోను.

ఇప్పుడు మా సర్జన్ గారు కొత్త మాట చెప్పారు. పొట్ట దగ్గర లైపోసక్షన్‌తో కొవ్వు తీసి, కడిగి, మెత్తగా చేస్తారట. దారిని గీకి శుభ్రం చేసి, లోపలి రంధ్రం కుట్టేసి, చుట్టూ ఆ కొవ్వు ఎక్కిస్తారట. కండరం కోయరు. నన్ను లాగుతున్నది అదొక్కటే.

కానీ దాతల కొవ్వులోని మూలకణాలతో చేసిన మందొకటి, క్రోన్స్ (పేగుల్లో వాపు వచ్చే దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవాళ్ల ఫిస్టులాలకి, 2018లో ఐరోపాలో అనుమతి పొంది, తర్వాతి పెద్ద ట్రయల్‌లో డమ్మీ మందు కంటే మెరుగని తేలక 2024లో మార్కెట్ నుంచి వెళ్లిపోయింది. నాకు క్రోన్స్ లేదు, ఇది నా కొవ్వే, రెండూ ఒకటి కావు. అయినా గుబులుగానే ఉంది.

చేయించుకున్నవాళ్లకి ఒక్కసారితోనే మూసుకుందా? పైన మానాక మళ్లీ ఎమ్మారై తీయించారా, లోపల నిజంగా పూడిందా? కొవ్వు తీసినచోట నొప్పి ఎన్నాళ్లుంది? ఫెయిలైనవాళ్లు తర్వాత ఫ్లాప్, లిఫ్ట్ (LIFT) లాంటి వేరే ఫిస్టులా ఆపరేషన్లు చేయించుకోగలిగారా? బాగుపడనివాళ్లు కూడా దయచేసి రాయండి, నాకు ముందుగా అవే కావాలి.