‘ఫీడ్’ నవల సైబర్‌పంక్ కోవలోకి వస్తుందా?

చదువరి:
ఎం. టి. ఆండర్సన్ 2002లో వెలువరించిన ‘ఫీడ్’ను ఇటీవలే చదివాను. కౌమార పాఠకులకు ఉద్దేశించిన డిస్టోపియన్ (దుర్భరంగా మారిన సమాజాన్ని చూపే) నవలగానే దీనికి పేరుంది. అయితే మెదడులో అమర్చిన ‘ఫీడ్’ అనే యంత్రం ద్వారా ప్రకటనలు, కబుర్లు, కొనుగోళ్లు క్షణం తీరిక లేకుండా సాగిపోయే ఆ సమాజాన్ని చూశాక, దీన్ని సైబర్‌పంక్ (అత్యాధునిక సాంకేతికత, బడా కంపెనీల పెత్తనం నడుమ నలిగే మనుషుల సైన్స్ ఫిక్షన్ కోవ) అని ఎందుకు అనకూడదన్న సందేహం నన్ను వదలడం లేదు. మీరు ఈ గీతను ఎక్కడ గీస్తారు?

పాత పాఠకుడు:
విలియం గిబ్సన్ ‘న్యూరోమాన్సర్’ (1984) చదివి ఈ సాహిత్యంలోకి వచ్చినవాణ్ని కనుక నా కొలత కాస్త కఠినమైనది. అందులో కేస్ అనే హ్యాకర్ తనకు పని ఇచ్చినవారి సొత్తే కాజేసినందుకు, వారు అతని నాడీవ్యవస్థను దెబ్బతీసి, నెట్‌వర్క్‌లోకి అడుగుపెట్టే శక్తి లేకుండా చేస్తారు. సాంకేతికతే అతని వృత్తి, వ్యసనం, ఆయుధం. ‘ఫీడ్’లో కథ చెప్పే కుర్రవాడు టైటస్‌కూ, అతని మిత్రులకూ యంత్రం మీద అటువంటి పట్టు ఏదీ లేదు. చంద్రుని మీద ఒక క్లబ్బులో వారి ఫీడ్లపై దాడి చేసే హ్యాకర్ కథకు కేంద్రం కాడు. కాబట్టి నా దృష్టిలో ఇది డిస్టోపియా మాత్రమే.

గ్రంథాలయ ఉద్యోగి:
టైటస్ ప్రేమించే వయొలెట్‌ను మీరు లెక్కలోకి తీసుకోలేదనిపిస్తోంది. ఆమె ఒకదానితో ఒకటి పొంతన లేని వస్తువుల గురించి పనిగట్టుకొని వాకబు చేసి, ఏదీ కొనకుండా వెళ్లిపోతూ, తన అభిరుచులు కంపెనీలకు అంతు చిక్కకుండా చేస్తుంది. కోడ్ రాయకపోయినా, వ్యవస్థను దాని దారిలోనే తికమకపెట్టే పని అది. తరువాత ఆమె ఫీడ్ చెడిపోయి ప్రాణం మీదికి వచ్చినప్పుడు, ఇటువంటి కొనుగోలుదారుపై పెట్టుబడి పెట్టలేమని కంపెనీ సాయం నిరాకరిస్తుంది. మనిషి శరీరం, బతుకు ఒక వ్యాపార సంస్థ లెక్కల చేతిలో పడటమే సైబర్‌పంక్‌కు గుండెకాయ అని నేను నమ్ముతాను.

అదీగాక, ‘యంగ్ అడల్ట్’ (కౌమార సాహిత్యం) అన్నది పుస్తకం ఎవరి కోసమో చెబుతుందే తప్ప లోపల ఏముందో చెప్పదు. మా పాఠకులు ‘ఫీడ్’ను ‘హంగర్ గేమ్స్’ (2008) పక్కన పెట్టమని అడుగుతుంటారు. కానీ అక్కడ అణచివేసేది కాపిటల్ అనే రాజధాని నగరపు ప్రభుత్వం, దాని ఆయుధాలు ఆకలి, భయం. యంత్రాలు ఎన్ని ఉన్నా దాన్ని నేను సైబర్‌పంక్ అనను.

రాత్రి చదువు:
హ్యాకర్ ఉన్నాడా లేడా అన్నదే కొలతైతే కోరీ డాక్టరో ‘లిటిల్ బ్రదర్’ (2008) ముందు చేరాలి. గేమ్ కన్సోళ్లతో రహస్య నెట్‌వర్క్ అల్లుకునే కుర్రవాళ్లు అందులో ఉన్నారు. అయినా వారు ఎదిరించేది ప్రభుత్వ నిఘాను, అదీ దాదాపు నేటి శాన్ ఫ్రాన్సిస్కోలో. చదువుతున్నంతసేపూ నాకు సైబర్‌పంక్ వాతావరణం తగలలేదు. ‘ఫీడ్’లో మాత్రం పాఠశాలలను సైతం కంపెనీలు నడుపుతున్నాయని తెలిసిన చోటే తగిలింది.

పాత పాఠకుడు:
వయొలెట్ విషయంలో మీ వాదన బలమైనదే. అయినా కథ చెప్పేది టైటస్. ఆమె పోరాటాన్ని అతడు చివరిదాకా పూర్తిగా అర్థం చేసుకోలేకపోవడం వల్ల, ఆ తిరుగుబాటు మనకు అంచున మాత్రమే కనబడుతుంది. అందువల్ల సైబర్‌పంక్ లోకంలో నడిచే డిస్టోపియన్ నవల అనేంతవరకు నేను వస్తాను, అంతకు మించి రాలేను.