వరిబీజంలో వరి ఎక్కడిది?

కరపత్రం: పెద్దలకు నమస్కారం. ఫైలేరియా ఉన్న ఊళ్ళలో పంచడానికి హైడ్రోసీల్ (మగవాళ్ళకు బీజాల చుట్టూ నీరు చేరి వాచే జబ్బు) ఆపరేషన్ మీద నాలుగు పేజీల కరపత్రం రాస్తున్నాను. స్క్రోటమ్ (బీజాలుండే సంచి) అన్న చోటల్లా 'అండకోశం' అని రాశాను. ప్రూఫులు దిద్దే అమ్మాయి ఎర్ర సిరాతో చుట్టి, "మగవాళ్ళకు అండకోశం ఏంటి సార్?" అని పక్కన రాసి పంపింది. ఆ అమ్మాయిని అనడానికి లేదు. ఇంటర్ వృక్షశాస్త్రంలో కేసరావళి మగది, అండకోశం ఆడది అని బట్టీ పట్టినవాళ్ళమే అందరం. కానీ చిన్నప్పుడు తాతయ్య అమరం (అమరసింహుడి సంస్కృత నిఘంటువు) వల్లె వేయిస్తుంటే "ముష్కోఽండకోశో వృషణః" అని విన్న గుర్తు. దాని తర్వాతి ముక్క రెండు రోజులుగా నాలుక చివర ఆడుతోంది, బయటికి రావట్లేదు. ఇంతకీ అండకోశం ఉంచనా, తీసేయనా? పనిలో పని, శీర్షికలో జనం అనే మాటే ఉండాలని 'వరిబీజం' అని పెట్టాను. అందులో వరి ఏమిటో కూడా ఎవరైనా చెప్పి పుణ్యం కట్టుకోండి.

అట్టలేని అమరం: "పృష్ఠవంశాధరే త్రికమ్". మనుష్యవర్గం. ఇప్పుడు నిద్రపోండి. అమరుడి లెక్కన మీరే రైటు. అండకోశాన్ని పువ్వులకూ ఆడవాళ్ళకూ పంచిపెట్టింది పాఠ్యపుస్తకాల వాళ్ళు. రెండో ప్రశ్నకు జవాబు ఇంకా తేలిక. అది వరి కాదు, వారి. వారి అంటే నీరు. వారిబీజం జనం నోట్లో నాని దీర్ఘం పోగొట్టుకుంది. హైడ్రో అన్నా వారి అన్నా ఒకటే. కేసు క్లోజ్.

గోదారి గట్టు: అప్పుడే క్లోజ్ చేయకండి సార్. వారిధి, వారిజం, వారిదం ఇన్ని వందల ఏళ్ళు నానినా దీర్ఘాలు చెక్కుచెదరలేదు. మా పిన్ని పేరు వారిజ. ఊరంతా నోరారా పిలుస్తుంది, ఇప్పటిదాకా వరిజ కాలేదు. ఒక్క ఈ జబ్బు దగ్గరే ఎందుకు జారింది?

అట్టలేని అమరం: మీ పిన్నిగారి పేరు వీధిలో నిలబడి పిలుస్తారు. ఈ జబ్బు పేరు చెవిలో చెప్తారు. గుసగుసలో దీర్ఘాలు నిలవవు.

గోదారి గట్టు: ఇది వ్యాకరణమా, చాటువా? సరే, ఇంకో పట్టు. హైడ్రోసీల్‌కి అచ్చుదింపే అయితే రెండో సగం ఎలా కుదురుతుంది? గ్రీకులో కీలే అంటే వాపు. వారివాపు అనో వారివృద్ధి అనో ఉండాలి. బీజం ఎక్కణ్ణుంచి ఊడిపడింది?

మాష్టారు: 'వృద్ధి' అన్నారు కనుక కలగజేసుకుంటున్నాను. ప్రాచీన శస్త్రవైద్యుడు సుశ్రుతుడు వృద్ధులు, అంటే ఈ చోట వచ్చే వాపులు, ఏడు అన్నాడు. అందులో నీరు చేరేది మూత్రవృద్ధి, పేగు జారేది ఆంత్రవృద్ధి. మొదటిదానికి చికిత్స చెబుతూ "సేవన్యాః పార్శ్వతోఽధస్తాద్విధ్యేద్ వ్రీహిముఖేన" అంటాడు. సేవని అంటే ఆ సంచి మధ్యలో కుట్టు వేసినట్టు కనిపించే గీత. ఇంగ్లీషు వైద్యులు దాన్ని రాఫే అంటారు, గ్రీకులో దానికీ కుట్టనే అర్థం. ఆ గీత మీద పడకుండా పక్కగా, కింది భాగంలో గుచ్చి, రెండు వైపులా నోళ్ళున్న గొట్టం పెట్టి నీరు వదలాలి. గుచ్చేది దేనితో? వ్రీహిముఖంతో. వ్రీహి అంటే వడ్లు. వడ్లగింజ కొసలాంటి మొన ఉన్న శస్త్రం. ఆ శస్త్రం పడే బీజం వ్రీహిబీజం, అదే జనం నోట వరిబీజం. నలభై ఏళ్ళుగా ఇదే చెబుతున్నాను, కాదన్నవాళ్ళు లేరు.

గోదారి గట్టు: విన్నవాళ్ళు ఎంతమంది మాష్టారూ?

అట్టలేని అమరం: సిద్ధాంతం సంగతి తర్వాత. పాదంలో ఒక అక్షరం తక్కువైంది. వి, ధ్యే, ద్వ్రీ, హి, ము, ఖే, న. ఏడే వచ్చాయి. ఎనిమిదోది 'తు'నా, 'వై'నా?

మాష్టారు: ఏదైతేనేం, పాదపూరణమే. 'తు' అన్నా 'వై' అన్నా కారే నీరు కారుతుంది.

అట్టలేని అమరం: నీరు కారొచ్చు, ఛందస్సు ఊరుకోదు. నా చెవికి 'తు'.

రాత్రి డ్యూటీ: నేను నర్సుని, గోదావరి జిల్లాల్లో చాలా ఏళ్ళు ఫైలేరియా డ్యూటీలు చేశాను. రాత్రి పది దాటాక ఇంటింటికీ తిరిగి వేలి చివర నుంచి రక్తపు చుక్క తీసేవాళ్ళం. ఫైలేరియా పురుగు పిల్లలు రాత్రిపూటే బయటి రక్తంలోకి వస్తాయి, క్యూలెక్స్ దోమ కుట్టే వేళకి. నిద్రలో లేపితే మొగుళ్ళు పెళ్ళాల్ని ముందుకు తోసేవాళ్ళు. నాకు వరి, వారి తెలీదు గానీ ఒక్క మాట. వాచేది బీజం కాదండి. బీజం లోపల బాగానే ఉంటుంది. దాని చుట్టూ ఉన్న పొరల మధ్య నీరు పడుతుంది. గదిలో లైట్లు ఆర్పి వెనక నుంచి టార్చి పెడితే సంచి మొత్తం ఎర్రగా, పండిన టమాటాలా వెలుగుతుంది. పేగు దిగిన హెర్నియా అయితే సాధారణంగా అలా వెలగదు. ఒక తాత ఆ వెలుగు చూసి "లోపల దీపం ఉందేంటమ్మా" అన్నాడు. కాబట్టి సంచి ఏదో, లోపలి కాయ ఏదో వేరే మాటల్లో రాయండి. రెండింటికీ ఒకటే పేరు పెడితే బీజం తీసేస్తారనుకుని ఆపరేషన్‌కి రారు.

కరపత్రం: రాత్రి డ్యూటీ గారూ, ఇదే నాకు కావాల్సింది. అమరంలో ముష్కం, అండకోశం, వృషణం మూడూ ఒకే వరసలో ఉన్నాయి. ఏది సంచి, ఏది కాయ? తెలుగు అకాడమీ పుస్తకాల్లో ముష్కం కాయకీ, ముష్కగోణి సంచికీ పెట్టారు. ముష్కగోణి రాయనా?

నంద్యాలోడు: ముష్కగోణి అంటే మా నాయన గోనెసంచి తెస్తాడు. నిజానికి మాట అదే గదా! గోణి, గోనె ఒకటే. ఇంగ్లీషోళ్ళ గన్నీ బ్యాగూ మన గోనెనే. ఇంకో సంగతి, కరపత్రంలో ఎక్కడైనా ఈ వాపుకు 'బుడ్డ' అని రాసుంటే కర్నూలు, నంద్యాల వైపు మాత్రం పంచొద్దు. మా దగ్గర బుడ్డలంటే శనక్కాయలు. "బుడ్డలకు ఉచిత ఆపరేషన్" అని చూసి మా రైతులు ట్రాక్టరు కట్టుకొని వస్తారు.

గోదారి గట్టు: 😂😂 మా వైపు "బుడ్డ దిగింది" అంటే ఆ మనిషి పొలం పని మానేశాడని అర్థం. నవ్వులాట కాదు.

ద్రావిడ మూలాలు: సంస్కృతంలోనే తవ్వుతున్నారు, పక్కింటి వైపు ఒకసారి చూడండి. తమిళంలో విరై అంటే విత్తనం. విరై అంటే వృషణం కూడా. ఈ జబ్బును విరైవీక్కం అంటారు, వీక్కం అంటే వాపు. మన వరిబీజంలో వరి ఈ విరైకి చుట్టమని నా అనుమానం. అర్థం మరిచిపోయాక, తెలియడం కోసం పక్కన 'బీజం' తగిలించారు. నడిసెంటరు, గేటు తలుపు లాంటిదే.

గోదారి గట్టు: వి ఎలా వ అయింది? కన్నడంలో మధ్య మెట్టు చూపించగలరా?

ద్రావిడ మూలాలు: అనుమానం అన్నాను, ఆజ్ఞ అనలేదు.

అట్టలేని అమరం: తమిళానికి ఇకారం, మాష్టారికి హకారం, నాకు దీర్ఘం. ముగ్గురం చెరో అక్షరం పోగొట్టుకున్నాం. నాది ఒక్క మాత్రే కాబట్టి నష్టం తక్కువ.

మాష్టారు: లెక్కలు బాగున్నాయి. అసలు బీజం అనగానే వడ్ల విత్తనం అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలైంది. ఈ అవయవానికి మనవాళ్ళు పెట్టిన పేర్లు చూడండి. గుడ్డు, విత్తనం, కాయ, పండు. అండం, బీజం, వట్టకాయ, ఫలం. పండు అనగానే ముఖం చిట్లించకండి, వాల్మీకి వాడాడు. బాలకాండలో గౌతముడు ఇంద్రుణ్ణి "విఫలస్త్వం భవిష్యసి" అని శపిస్తాడు. వెంటనే "పేతతుర్వృషణౌ భూమౌ". అక్కడ విఫలుడంటే ఓడిపోయినవాడు కాదు, ఫలాలు రాలిపోయినవాడు. తర్వాత పొట్టేలువి అతికించారు, మేషవృషణుడయ్యాడు. మన పేపర్లు రోజూ "చర్చలు విఫలం" అని రాస్తుంటే నాకు నవ్వాగదు.

ఓరుగల్లు: విఫలానికే నవ్వితే మరి ముష్కరులకు ఏం చేస్తరు మాష్టారూ? సరిహద్దుల కాల్పులైతే చాలు, ముష్కర మూకలు అని హెడ్డింగు. పాణిని చెప్పిన అర్థంల ముష్కరం అంటే ముష్కాలున్నది. "ఊషసుషిముష్కమధో రః", అయిదో అధ్యాయం, రెండో పాదం, 107. దాని వ్యాఖ్య కాశికావృత్తి ఉదాహరణ గూడ పశువే, అంటే బీజాలు కొట్టని కోడె. అది ఏ తాడుకు ఆగదు గద, అట్ల మొరటోడయ్యిండు, మొరటోడు దుర్మార్గుడయ్యిండు.

గోదారి గట్టు: అది ముష్ ధాతువు కాదా? ముష్ణాతి, మోషణం, దొంగతనం. ముష్ + కర అయితే దొంగపని చేసేవాడు. అర్థమూ చక్కగా అతుకుతుంది.

ఓరుగల్లు: అతుకుడు కాదన్నా, సూత్రంల ర ప్రత్యయం కండ్లకు కనబడుతున్నది. కర కాదు, ఉత్త ర. ఊషం ఉంటే ఊషరం, సుషి ఉంటే సుషిరం, మధువు ఉంటే మధురం, ముష్కం ఉంటే ముష్కరం. ఇంకో ముచ్చట. ముష్కం అనే మాట పారశీకం పోయి ముష్క్ అయ్యింది, గ్రీకు, లాటిన్ తిరిగి ఇంగ్లీషుల మస్క్ అయ్యింది. కస్తూరి మృగం సంచి చూసి పెట్టిన పేరు. సెంటు సీసా మీద ఉండేది మన మాటే.

మధుపం: ఒక్క నిమిషం. అంటే మధురం, ముష్కరం ఒకే కాన్పులో పుట్టాయా? "మందార మకరంద మాధుర్యమునఁ దేలు మధుపంబు వోవునే మదనములకు" అని రోజూ పొద్దున్నే చదువుకుంటాను. రేపటి నుంచి మాధుర్యం దగ్గరకి రాగానే కోడె గుర్తొస్తుంది. పోతన గారి పద్యం పాడుచేశారు.

ఓరుగల్లు: పోతన మా బమ్మెరాయననే, ఆయన ఏమనుకోడు.

మధుపం: ఆ పద్యమే వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మదనములంటే ఉమ్మెత్తలే కదా? ఈ మధ్య ఎవరో మంగ చెట్టు అన్నారు.

మాష్టారు: మదనఫలం అంటే వైద్యంలో మంగకాయే. వాంతి చేయించడానికి ఇస్తారు. మందార మకరందం తాగిన తుమ్మెద వాంతి మందు చెట్టు దగ్గరకి పోతుందా అని అడగడం ఎంత బాగుంది!

మధుపం: బాగోలేదు మాష్టారూ. ఉమ్మెత్త మత్తెక్కిస్తుంది. విష్ణుభక్తి మత్తు ఒకటి, లౌకికం మత్తు ఒకటి. పోలిక అక్కడ ఉంది. వాంతి తెస్తే పద్యం కూలిపోతుంది.

అట్టలేని అమరం: తుమ్మెద పువ్వు మీద వాలుతుంది, కాయ మీద కాదు. వాంతి కాయతో. మంగపూలు వాసన వేస్తాయి కూడా. మాష్టారి వాదానికి కాయ అడ్డం, మీ వాదానికి పువ్వు అడ్డం.

మాష్టారు: మా పెరట్లో మంగ చెట్టు ఉండేది. తుమ్మెదలు ఉండేవి. నేను చూసిన మాట.

కరపత్రం: అయ్యా, రేపు మధ్యాహ్నం ప్రెస్సుకి వెళ్ళాలి. ముష్కగోణికి గోనె అడ్డం, అండకోశానికి ఇంటర్ పుస్తకం అడ్డం, వృషణానికి సంచో కాయో తేలలేదు. టెన్షన్‌గా ఉంది.

రాత్రి డ్యూటీ: సంచిని సంచి అనండి బాబూ. లోపలివి బీజాలు అనండి. బొమ్మ వేసి రెండింటికీ బాణం గుర్తులు పెట్టండి. నీరున్న చోట నీలం రంగు వేయించండి. "బీజం తీయరు" అని పెద్దక్షరాల్లో రాయండి, అది మాత్రం మర్చిపోవద్దు.

కరపత్రం: రాశాను. మరి శీర్షికలో వరిబీజమా, వారిబీజమా?

అట్టలేని అమరం: వారి.

మాష్టారు: వరి. ఎందుకో పైన చెప్పాను.

ద్రావిడ మూలాలు: వరే ఉంచండి. కారణం మాత్రం మాష్టారిది కాదు, నాది.

గోదారి గట్టు: అమరం గారు వారిజ పిన్ని సంగతి తేల్చేదాకా నేను ఇక్కణ్ణుంచి కదలను. పొద్దున ఆమెకి ఫోన్ చేసి చిన్నప్పుడు ఎవరైనా వరిజ అని పిలిచారా అని అడిగాను. ఎందుకని తిరిగి అడిగింది, చెప్పలేకపోయాను.