నలోకమా, నాలోకమా? పెంజీకటి దగ్గర ఆగిపోయాను

పోస్టు:
ఒక కల్పిత లోకం రాసుకుంటున్నాను. తొమ్మిదిమంది దేవతలు, వాళ్ళ గుడులు, వాళ్ళు ఒకరినొకరు మింగేసిన యుద్ధాలు, అన్నీ కుదిరాయి. చిక్కంతా వీళ్ళందరికన్నా ముందున్నవాడి దగ్గరే. వాడికి పేరు పెడదామని కూర్చుంటే పోతన భాగవతంలో, గజేంద్రమోక్షంలో కందం బుర్రలో తిరుగుతోంది, పుస్తకం చేతిలో లేదు. "లోకంబులు లోకేశులు లోకస్థులు దెగిన తుది" వరకు వస్తుంది. తర్వాత "నలోకంబగు పెంజీకటి" అనా, "నాలోకంబగు" అనా? చిన్నప్పుడు సాగదీసే చదివినట్టు గుర్తు. సాగదీస్తే తుదిన్ + ఆలోకం, ఆలోకం అంటే వెలుగు, చూపు కదా, మరి చీకటి వెలుగెలా అవుతుంది? మా లోకంలో మతం దీనిమీదే రెండుగా చీలింది (అలోకులు, ఆలోకులు అని పేర్లు కూడా పెట్టేశాను), కాబట్టి తేల్చి చెప్పండి. ఇంకొకటి, ఆ మొదటివాణ్ణి "అవ్వలివాడు" అనొచ్చా?

జవాబు:
పద్యం ఇదీ: "లోకంబులు లోకేశులు / లోకస్థులు దెగిన తుది నలోకంబగు పెం / జీకటి కవ్వల నెవ్వం / డేకాకృతి వెలుగు నతని నే సేవింతున్". లెక్కపెడితే రెండు నిమిషాల పని. రెండో పాదంలో మూడో గణం "న తుది న", నాలుగూ లఘువులే (పొట్టి అక్షరాలు, ఒక్కోటి ఒక మాత్ర). మొదటి పాదంలో మూడు గణాలు కాబట్టి ఇది పద్యంలో ఆరోది, కందంలో ఆ ఆరో గణం నలమో (నాలుగు లఘువులు) జగణమో (లఘువు, గురువు, లఘువు) అయి తీరాలి. "నా" అంటే ఐదు మాత్రలు, పద్యం కుంటుతుంది. మీ ఆలోకులు ఛందస్సు రాని శాఖ.

జవాబు:
పొట్టి అని తేలింది సరే, అర్థం తేలలేదుగా మాస్టారూ. అలోకమంటే లోకం లేనిదని అందరూ గబుక్కున చెప్పేస్తారు. లోకమన్న మాట పుట్టిందే చూడటం అనే ధాతువులోంచి. ఐదో స్కంధంలో లోకాలోక పర్వతం గుర్తు తెచ్చుకోండి, దానికి అవతల ఎండ పడదు, అందుకే అటువైపు అలోకం. అంటే శూన్యమని కాదు, చూపు ఆనని చోటని. అలా చదివితే పొట్టి అకారంతో కూడా ఆలోకులు బతికి బట్టకడతారు.

జవాబు:
లోకాలన్నీ తెగాక ఆ పర్వతం మాత్రం ఎక్కడ మిగిలిందండీ? సంస్కృత మూలం చూడండి: "తమస్తదాసీద్గహనం గభీరం యస్తస్య పారేఽభివిరాజతే విభుః". గహనం, గభీరం రెండూ కలిపి పెంజీకటి. పారే అంటే అవ్వల. అలోకం అక్కడ లేనే లేదు. మూడుసార్లు లోకం అన్నాక నాలుగోది నాలుక మీదికి అదే వచ్చింది, అనుప్రాస. మీరు పోట్లాడుకోవాల్సింది ఏకాకృతి మీద. మూలంలో ఉన్నది విభుడు, అంతటా వ్యాపించినవాడు. పోతన వాణ్ణి ఒక్క ఆకృతి ఎందుకు చేశాడు?

జవాబు:
పోతన మాటని "అనుప్రాస" అని కొట్టిపారేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఒకసారి పైకి చదవండి. పాదం "పెం" దగ్గర అయిపోతుంది, ఊపిరి తీసుకుంటాం, అప్పుడు "జీకటి". తర్వాతి పాదం "నెవ్వం" దగ్గర విరుగుతుంది, మళ్ళీ ఊపిరి, అప్పుడు "డేకాకృతి". చీకటినీ, ఎవడు అన్న ప్రశ్ననీ రెంటినీ సరిగ్గా అంచు మీద నిలబెట్టాడు. మొసలి నోట్లో కాలుపెట్టిన ఏనుగు ఊపిరి అది!

జవాబు:
కాలు పెట్టలేదు, మొసలే పట్టుకుంది. విరుపు సంగతికొస్తే ప్రాస, అంటే అన్ని పాదాల్లో రెండో అక్షరం, "క", జీకటిలో రెండో అక్షరం క, డేకాలో రెండో అక్షరం కా, అందుకు విరిచాడు, కందంలో ఇది రోజూ జరిగేదే. చివరి పాదం యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరం) ఎవరైనా చూశారా? "డే"కి "నే" ఎలా సరిపోయింది? ఎవ్వండు + ఏకాకృతి, అతనిన్ + ఏ. ఏకి ఏ. అంటే "నే సేవింతున్"లో ఉన్నది మనం అనుకునే "నే" కాదు, నేను అనే అర్థంలో ఉత్త "ఏ". ఆ న వచ్చింది అతనిన్ లోంచి.

జవాబు:
ఇది బాగుంది, దాచుకుంటున్నాను. లోకాలోకం అన్నారు కాబట్టి ఒక మాట. దశమస్కంధంలో బ్రాహ్మణుడి బిడ్డల కోసం కృష్ణార్జునుల రథం ఆ పర్వతం దాటి చీకట్లో పడుతుంది, గుర్రాలు తడబడతాయి, కృష్ణుడు చక్రాన్ని ముందు పంపుతాడు. ఆ చీకటికి అవ్వల వచ్చిన వెలుగు తట్టుకోలేక అర్జునుడు కళ్ళు మూసుకుంటాడు. పోస్టు పెట్టినావిడ కథకి కావలసింది ఇదే, వెలుగే చూపుకి అందకపోవడం. అప్పుడు రెండు శాఖలూ ఒకే దేవుణ్ణి కొలుస్తూ ఒకరినొకరు చంపుకోవచ్చు.

పోస్టు పెట్టినావిడ:
ఆ చివరి వాక్యం నేను తీసేసుకుంటున్నానండీ, థాంక్యూ. ఛందస్సు రాని శాఖ కూడా కావాలి, వాళ్ళే నిజమైన భక్తులు అవుతారు. అవ్వలివాడు సంగతి ఎవరూ చెప్పలేదు.

జవాబు:
అవ్వల అనాలంటే ఇవ్వల నిలబడి చూసేవాడు ఒకడుండాలి. అంతా తెగాక ఎవడున్నాడు? పేరు పెట్టింది ఏనుగే అనుకోవాలి.

జవాబు:
అది తర్వాత చూద్దాం. పెంజీకటికి + అవ్వల. కిన్ అనుకుంటే నకారం కనిపించాలి, ఇక్కడ ఇకారమే ఎగిరిపోయి "కవ్వల" అయింది. ఏ సూత్రంతో పోయిందో చెప్పండి. అచ్చు తప్పు అనకండి, యతి గారూ మీరు ముఖ్యంగా.