కొత్త కార్ల రవాణాకు సొంత ట్రైలర్ కొనవచ్చా?

ఒంటి లారీ:
పన్నెండేళ్లుగా ఒక్క లారీతో బతుకుతున్నాను. మాది పెనుకొండ దగ్గర పల్లె. 2019లో ఎర్రమంచిలో కియా కర్మాగారం మొదలైనప్పటి నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద కార్ల ట్రైలర్లు పోతుంటే చూస్తూనే ఉన్నాను. ఇంటి ముందు ఇంత పని ఉండగా సిమెంటు లోడు కోసం రోజుల తరబడి ఎందుకు పడిగాపులు పడాలి? లారీ అమ్మి, అప్పు చేసి ట్రైలర్ కొందామనుకుంటున్నాను. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాత ట్రైలర్:
కొనకండి. ఒక్క బండి ఉన్నవాడికి కార్ల కంపెనీ నేరుగా పని ఇవ్వదు. పెద్ద రవాణా సంస్థలతో ఒప్పందం చేసుకుంటుంది. తమ బండ్లు చాలనప్పుడు ఆ సంస్థలు మనలాంటివాళ్లను అటాచ్ చేసుకుంటాయి. అమ్మకాలు తగ్గిన నెలలో మొదట ఆగేది మన బండే.

ఆరేళ్లు నేనూ అలాగే తిప్పాను. ఢిల్లీకి రెండు వేల కిలోమీటర్ల పైమాటే. పోయేటప్పుడు బాడుగ బాగానే గిట్టేది. తిరుగు లోడు దగ్గరే నడుం విరిగింది. మామూలు లారీ అయితే దారిలో ఏ సరుకైనా ఎత్తుకొస్తుంది. ఈ ట్రైలర్‌లో కార్లు తప్ప ఇంకేం వేస్తాం? ఢిల్లీ దగ్గర మారుతి కర్మాగారం ఉన్న మానేసర్ వైపు దక్షిణాదికి వచ్చే కార్ల కోసం వారం కాచుకుని, చివరికి ఖాళీగా వచ్చిన సందర్భాలున్నాయి. డీజిలు, టోలు అంతా నా చేతి నుంచే.

కదిరి రోడ్డు:
మీ కష్టం అర్థమైంది. కానీ పనే వద్దనడం సబబు కాదండీ. నాకు రెండు ట్రైలర్లున్నాయి. దూరపు ట్రిప్పులు ఒప్పుకోను. చెన్నై వైపు వెళ్తే, అక్కడ కార్ల కర్మాగారాలున్న శ్రీపెరుంబుదూరు నుంచి తిరుగు లోడు దొరికేలా రెండో సంస్థతోనూ మాట్లాడుకున్నాను.

ఇక డ్రైవరు. మా డ్రైవరు కారు ఎక్కించే ముందు నడుం బెల్టు, ఉంగరం, గడియారం తీసి క్యాబిన్‌లో పెడతాడు. పై అంతస్తులో కారు తలుపు పూర్తిగా తెరుచుకోదు. జానెడు సందులోంచి ఒళ్లు ముడుచుకుని దిగాలి. బెల్టు బిళ్ల తగిలితే చాలు, రంగు లేచిపోతుంది. యార్డులోనే కారు చుట్టూ తిరిగి, ముందే ఉన్న గీతలను లారీ రశీదు మీద రాయించి ఫొటో తీస్తాడు. నాలుగేళ్లలో గీతల పేరుతో బాడుగలో కోత పడింది రెండుసార్లే.

పాత ట్రైలర్:
ఆ రెండో ఒప్పందం ఎంతమందికి దొరుకుతుంది? పైగా దూరపు లోడ్లు రైలెక్కుతున్నాయి. పెనుకొండ స్టేషను నుంచే కార్లు రైల్లో పోతున్నాయి. మారుతికి 2024లో గుజరాత్ కర్మాగారంలోకి, 2025లో మానేసర్ కర్మాగారంలోకి రైలు మార్గాలు వచ్చాయి. దూరం పోయే ట్రైలర్లన్నీ రేపు మీ దగ్గరి దారుల్లోకే వస్తాయి.

లెక్కల మనిషి:
మా అన్నయ్య బిల్లులు మూడు నెలలకు గానీ వచ్చేవి కావు. ముందు చిన్న సంస్థల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు చేసుకోండి. 2006 నాటి చట్టం ప్రకారం చిన్న సంస్థలకు ఎలాంటి ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు చెల్లించాలి. చవకగా వస్తుందని, నిబంధనలు ఒప్పుకునే 18.75 మీటర్ల పొడవు దాటిన పాత ట్రైలర్ మాత్రం కొనకండి.

ఒంటి లారీ:
లారీ అమ్మకం ప్రస్తుతానికి ఆపాను. కదిరి రోడ్డు గారూ, తిరుగు లోడు దొరకని రోజు మీకేమైనా ఇస్తారా?

కదిరి రోడ్డు:
సగం డీజిలు. ఆ మాట కాగితం మీద పెట్టించుకున్నాకే బండి పంపాను. రాసివ్వం అన్నవాళ్ల దగ్గర బండి పెట్టలేదు.