టెస్ట్ పంపాక హిస్టరీలోంచి అడ్రస్ కాపీ చేస్తే తప్పేంటి?

సిక్కోలు_ఫ్రీలాన్సర్
మా బావగారితో పందెం పడింది, మీరే తేల్చాలి. విదేశీ క్లయింటు జీతంగా ఇచ్చే యూఎస్‌డీటీని (డాలర్ విలువ ఉన్న క్రిప్టో కాయిన్) మెటామాస్క్ వాలెట్ యాప్‌లోంచి ఎక్స్ఛేంజ్‌కి పంపేటప్పుడు నేను ముందు పది డాలర్లు పంపుతాను. అవి చేరాయని చూసుకున్నాక హిస్టరీలోంచి అదే అడ్రస్ కాపీ చేసి మిగతాది పంపేస్తాను. మొదటి నాలుగు అక్షరాలు, చివరి నాలుగు సరిపోయాయో లేదో కూడా చూస్తాను. ఇంతకన్నా జాగ్రత్త ఏముంటుంది? బావగారేమో "ఆ టెస్టే నీ కొంప ముంచుతుంది" అంటున్నారు. ఆయన డల్లాస్‌లో ఉంటారు కాబట్టి మా ఇంట్లో ఆయన మాటకి ఎదురుండదు. ఒకసారి డబ్బు చేరిన అడ్రస్ కన్నా నమ్మకమైన అడ్రస్ ఇంకోటి ఉండదన్నది నా వాదన. కాదంటే ఎందుకో చెప్పండి.

పాతకోడర్
సగం ఒప్పుకుంటా. డబ్బు చేరిన అడ్రస్ నమ్మకమైనదే. కానీ హిస్టరీలో పైన కనిపిస్తున్నది ఆ అడ్రసేనని మీకెవరు చెప్పారు?

2024 మేలో ఈథీరియం నెట్‌వర్క్ మీద జరిగింది చూడండి. పెద్ద మొత్తం ఉన్న ఒక ఖాతాదారు 0.05 ఈథర్ (ఈథీరియం కాయిన్) టెస్ట్‌గా పంపారు. చేరింది. వెంటనే ఒక దొంగ చూడ్డానికి అలాగే ఉండే అడ్రస్ ఒకటి తయారుచేసి, దాని పేరుమీద ఆ వాలెట్ హిస్టరీలో ఒక ఖాళీ లావాదేవీ పడేలా చేశాడు. తర్వాత అసలు మొత్తం, 1,155 డబ్ల్యూబీటీసీ (బిట్‌కాయిన్ విలువతో ఈథీరియం మీద నడిచే టోకెన్), అప్పటి ధరలో దాదాపు 6.8 కోట్ల డాలర్లు, నేరుగా దొంగ అడ్రస్‌కే వెళ్లింది. రెండు అడ్రస్‌లూ 0ఎక్స్ తర్వాత డి9ఏ1 తో మొదలవుతాయి, 853ఏ91 తో ముగుస్తాయి. మీరు చివర చూసేది నాలుగే, అక్కడ ఆరు కలిశాయి.

2025 డిసెంబరులో ఇంకొకరు 50 డాలర్లు టెస్ట్ పంపి, ఆ తర్వాత హిస్టరీలోంచి కాపీ చేసి దాదాపు 5 కోట్ల డాలర్ల యూఎస్‌డీటీ పోగొట్టుకున్నారు. మీ పద్ధతే, అక్షరం పొల్లు పోకుండా.

సిక్కోలు_ఫ్రీలాన్సర్
నా హిస్టరీలోకి వేరేవాడు ఎలా రాస్తాడండీ? డబ్బు పంపడానికి కావాల్సిన రహస్య కీ నా దగ్గరుంది కదా.

పాతకోడర్
హిస్టరీ అన్నది మీ డైరీ కాదు. మీ అడ్రస్ ప్రస్తావన ఉన్న ప్రతి లావాదేవీని యాప్ ఏరి చూపిస్తుంది, అంతే. మీకు ఎవరైనా పైసా విలువ లేని టోకెన్ పంపొచ్చు, ఆపడం మీ చేతిలో లేదు. ఇంకో కిటుకు ఉంది. యూఎస్‌డీటీ లాంటి టోకెన్లలో, మీ అనుమతి లేకుండానే మీ ఖాతా నుంచి "సున్నా" మొత్తం బదిలీ చేయమని ఎవరైనా ఆ టోకెన్‌ని నడిపే ప్రోగ్రామ్‌ని, అంటే కాంట్రాక్ట్‌ని, అడగొచ్చు. సున్నాకి అనుమతి అక్కర్లేదు మరి. అప్పుడు మీ హిస్టరీలో అది "పంపినది" అని పడుతుంది! కీ పోయిందని కంగారుపడే వాళ్లని నేను ఎందర్నో చూశాను. కీ పోలేదు, ఎర వేశారు. ఈ తంతు 2022 చివర్లో మొదలైంది. అందుకే 2023 నుంచి, ఈథీరియం లావాదేవీలు చూపించే ఈథర్‌స్కాన్ సైట్ ఈ సున్నా బదిలీలను మామూలుగా దాచేస్తోంది. వాలెట్ యాప్‌లన్నీ దాస్తాయన్న నమ్మకం మాత్రం పెట్టుకోకండి.

దొంగల బాట్లు (తమంతట తామే నడిచే ప్రోగ్రామ్‌లు) రోజంతా చెయిన్‌ని, అంటే అందరికీ కనిపించే లావాదేవీల చిట్టాని, చూస్తూనే ఉంటాయి. మీ టెస్ట్ వెళ్లడమే వాటికి గంట కొట్టినట్టు. మీ బావగారు అన్నది ఈ అర్థంలోనే అనుకుంటా.

రామంతపూర్_రాజు
అంతా మంచిగనే ఉంది కానీ తప్పు మనిషి మీద ఎందుకు నూకుతున్నరన్నా? 42 అక్షరాలు ఎవడు చదువుతడు? యాప్‌లే ముందటియి నాలుగు, ఎనకటియి నాలుగు సూపిచ్చి నడుమల చుక్కలు పెడ్తయి. ఏండ్ల సంది అట్లనే అలవాటు చేసిన్రు. ఇప్పుడు డబ్బులు పోతే "నువ్వు సరిగ చూస్కోలే" అంటున్రు. యూపీఐల పైసలు కొట్టే ముందు ఎదుటోని పేరొస్తది. ఈడ పేరు లేదు, మొహం లేదు. గసొంటి డిజైన్ చేసినోని తప్పు గాదా?

పాతకోడర్
డిజైన్ తప్పేనన్నా, కాదనను. కానీ డబ్బు పోయాక డిజైన్ చేసినవాడు తెచ్చివ్వడు కదా. లెక్క చూడు. 0ఎక్స్ తర్వాత ఒక్కో స్థానంలో 16 అక్షరాల్లో ఏదైనా రావొచ్చు. ముందు నాలుగు, వెనక నాలుగు కలవాలంటే 16 ని ఎనిమిదిసార్లు గుణించాలి, దాదాపు 430 కోట్ల ప్రయత్నాలు. మంచి గ్రాఫిక్స్ కార్డు సెకనుకు పదుల కోట్ల అడ్రస్‌లు పుట్టిస్తుంది. నీ ఎనిమిది అక్షరాల కాపలా ఎన్ని సెకన్లు నిలుస్తుందో చూసుకో. పైన చెప్పిన పది అక్షరాలకి లక్ష కోట్లు దాటుతాయి, అదీ గంటా రెండు గంటల పని.

అదే నడుమ చుక్కల చాటున ఉన్న వాటిలో ఏవో నాలుగు చూశావనుకో. నువ్వు ఏ నాలుగు చూస్తావో దొంగకి తెలీదు. అవి అదృష్టవశాత్తూ కలిసే అవకాశం 65,536 లో ఒకటి. 42 చదవక్కర్లేదు, వాడు ఊహించని నాలుగు చదువు.

కొత్తగా_చేరా
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. అసలు నా అడ్రస్ నాకెక్కడ కనబడుతుంది? బిట్‌కాయిన్ వాలెట్‌లో నిన్న ఒకటి చూపించింది, ఇవాళ వేరేది చూపిస్తోంది. హ్యాక్ అయిందా?

పాతకోడర్
లేదు తమ్ముడూ, బిట్‌కాయిన్ వాలెట్లు అలాగే చేస్తాయి. "రిసీవ్" నొక్కితే అడ్రస్, క్యూఆర్ కోడ్ వస్తాయి. ఎక్స్ఛేంజ్‌లో అయితే "డిపాజిట్". ఎవరు ఎంత పంపారో బయటివాళ్లు కూపీ లాగకుండా బిట్‌కాయిన్ వాలెట్ ప్రతిసారీ కొత్త అడ్రస్ ఇస్తుంది. పాతవీ నీవే, వాటికి వచ్చినా నీకే చేరుతుంది. 1 తోనో, 3 తోనో, బీసీ1 తోనో మొదలైతే బిట్‌కాయిన్. 0ఎక్స్ తో మొదలైతే ఈథీరియం, దాని దారిలో నడిచే బీఎన్‌బీ, పాలిగాన్ లాంటివి. టీ తో మొదలై 34 అక్షరాలుంటే ట్రాన్. 0ఎక్స్ దగ్గరే చిక్కంతా. అన్ని నెట్‌వర్క్‌లకీ ఒకే అడ్రస్ కాబట్టి తప్పు నెట్‌వర్క్ ఎంచుకున్నా యాప్ ఆపదు. ఎక్స్ఛేంజ్ ఆ నెట్‌వర్క్ తీసుకోకపోతే ఇక సపోర్ట్ వాళ్ల వెంట తిరగడమే. ఎక్స్ఛేంజ్‌కి ఎక్స్‌ఆర్‌పీ అనే కాయిన్ పంపితే అడ్రస్‌తో పాటు ట్యాగ్ నంబర్ కూడా ఇవ్వాలి, మరచిపోకు.

అడ్రస్ ఎవరికైనా ఇవ్వొచ్చు. వాలెట్ మొత్తాన్ని తెరిచే 12 లేదా 24 మాటల సీడ్ మాత్రం దేవుడు అడిగినా ఇవ్వకు.

మోడరేటర్
ఇక్కడ ఒక పోస్ట్ తీసేశాం. "వాలెట్ సపోర్ట్" అని చెప్పుకుని కొత్త సభ్యుడిని టెలిగ్రామ్‌కి రమ్మన్నారు. వెళ్లకండి. "నా వాలెట్‌లో డబ్బుంది, ఇదిగో సీడ్, బయటికెలా తీయాలి" అని అమాయకంగా అడిగే వ్యాఖ్యలూ ఉచ్చులే. ఆశపడి ఫీజు కోసం అందులో ట్రాన్ కాయిన్లు వేస్తే అవీ పోతాయి, ఆ వాలెట్‌లోంచి పంపడానికి కావాల్సిన సంతకం అధికారం ముందే వేరేవాడి చేతికి మార్చి ఉంటుంది.

డల్లాస్_బావ
వచ్చేశాను. బావమరిదీ, పేరు మార్చుకున్నా నీ రాత నాకు తెలియదనుకున్నావా?

టెస్ట్ మానేయమని నేననలేదు. టెస్ట్ తర్వాత హిస్టరీ ముట్టుకోవద్దన్నాను. టెస్ట్‌కి అడ్రస్ ఎక్కడినుంచి తెచ్చావో రెండోసారీ అక్కడికే వెళ్లి తెచ్చుకో. ఇంకా మంచిదేమిటంటే, ఒక్కసారి పూర్తిగా సరిచూసి యాప్ అడ్రస్ బుక్‌లో పేరుపెట్టి దాచుకో. రాజు గారు అడిగిన పేరూ మొహమూ అప్పుడొస్తాయి, మనం పెట్టుకున్నవే అయినా.

రామంతపూర్_రాజు
బావగారూ, అడ్రస్ బుక్కు గట్టిదని ఎవరన్నరు? ఎక్స్ఛేంజ్‌లు డిపాజిట్ అడ్రస్ మారుస్తయి. పాతదానికి కొడితే జమ అయితదని రాసిచ్చినోడు ఎవ్వడు లేడు. మా దోస్తుది గట్లనే దాచిపెట్టిన పాత అడ్రస్‌కు పోయినయి, ఇగ టికెట్లు రాసుకుంట కూసున్నడు. నాకైతే ప్రతిసారి కొత్తగ తెచ్చుకునుడే మంచిదనిపిస్తది.

డల్లాస్_బావ
కొత్తగా తెచ్చుకుంటే క్లిప్‌బోర్డ్ గండం ఉంది రాజు గారూ. పైరసీ సాఫ్ట్‌వేర్‌తో పాటు దూరే వైరస్‌లు కొన్ని, మీరు కాపీ చేసింది అడ్రస్ అని గుర్తుపట్టి పేస్ట్ చేసేలోపు మార్చేస్తాయి. అప్పుడు మూలం మంచిదే, చేరింది వేరు. ఎక్స్ఛేంజ్ డిపాజిట్‌కి మీ మాట ఒప్పుకుంటా, ప్రతిసారీ చూడాల్సిందే. సొంత హార్డ్‌వేర్ వాలెట్‌కో (కీ దాచే చిన్న పరికరం), ఇంట్లోవాళ్ల వాలెట్‌కో అయితే అడ్రస్ బుక్కే నయం. ఎక్స్ఛేంజ్ నుంచి బయటికి తీసేటప్పుడు వైట్‌లిస్ట్ (ముందే చేర్చిన అడ్రస్‌లకే పంపనిచ్చే జాబితా) పెట్టుకోండి. చాలాచోట్ల కొత్త అడ్రస్ చేర్చాక కొంతసేపు ఆగమంటుంది కూడా. ఆ విసుగే కాపాడుతుంది.

ఒంగోలు_ఓల్డ్‌మాన్
ఇన్ని తిప్పలు పడేకన్నా ఎక్స్ఛేంజ్‌లోనే వదిలేస్తే పోలా? ఈ వయసులో నాకు అక్షరాలు పోల్చుకునే ఓపిక లేదు.

పాతకోడర్
2024 జులై 18న మన వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజ్‌లో 23 కోట్ల డాలర్లకు పైగా పోయాయి, నెలల తరబడి జనం డబ్బు ఆగిపోయింది. మాస్టారూ, అక్కడ అక్షరాలు పోల్చాల్సిన పని వేరేవాళ్లది. తెరమీద చూసింది ఒకటి, సంతకం పడింది ఇంకొకదానికి అని ఆ సంస్థే చెప్పింది.

తప్పు డిజైన్‌దని రాజు అన్నదానికి ఇక్కడ నిజంగా బలం ఉంది. 2025 ఫిబ్రవరిలో బైబిట్ ఎక్స్ఛేంజ్ దగ్గర దాదాపు 150 కోట్ల డాలర్లు పోయినప్పుడు సంతకం చేసినవాళ్లకి వెబ్ పేజీలో సరైన అడ్రసే కనిపించింది. వాళ్లు 42 అక్షరాలూ చదివి ఉన్నా ప్రయోజనం లేదు, ఎందుకంటే ఆ పేజీనే మార్చేశారు. అందుకే లెడ్జర్, ట్రెజర్ లాంటి హార్డ్‌వేర్ వాలెట్ల చిన్న తెరమీద ఏముందో చూడమంటాను. అక్కడ అడ్రస్, మొత్తం స్పష్టంగా కనిపించకుండా ఏదో గజిబిజి కోడ్ వస్తే సంతకం చేయకండి.

సిఏ_పద్మ
ఇంత చర్చలో ఒక్కరూ లెక్కల పుస్తకాల మాట ఎత్తలేదు! అడ్రస్ బుక్ పెట్టుకోమని నేనూ చెప్తాను, కానీ నా కారణం వేరు. సొంత వాలెట్ నుంచి సొంత వాలెట్‌కి మారిస్తే అది అమ్మకం కాదు. అయితే ఆ రెండో అడ్రస్ మీదేనని మూడేళ్ల తర్వాత చూపించాల్సి వస్తే? తేదీ, లావాదేవీ హాష్ (దాని గుర్తింపు సంఖ్య), ఆ అడ్రస్ ఎవరిది, ఎందుకు పంపారు అని ఒక షీట్‌లో రాసుకోండి. మన దేశంలో 2022 నుంచి లాభం మీద 30 శాతం పన్ను ఉంది, ఆ ఏడాది జులై నుంచి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ ఉంది. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో తీసేసుకునే వీలు లేదు. దొంగ అడ్రస్‌కి పోయినదాన్ని ఎలా చూపిద్దామని ఒక క్లయింటు అడిగితే, ముందు పోలీసు ఫిర్యాదు కాగితం తెమ్మన్నాను.

సిక్కోలు గారూ, విదేశీ క్లయింటు నుంచి జీతం యూఎస్‌డీటీలో తీసుకోవడం గురించి మీ ఆడిటర్‌తో విడిగా మాట్లాడండి, అది ఇక్కడ తేలేది కాదు.

కొత్తగా_చేరా
పోతే తిరిగి రాదా మరి?

డల్లాస్_బావ
2024 నాటి 1,155 డబ్ల్యూబీటీసీలో చాలా భాగం కొద్ది రోజుల్లోనే ఈథర్ రూపంలో తిరిగొచ్చింది. బాధితుడు చెయిన్ మీదే సందేశం పంపి 10 శాతం ఉంచుకో అని బేరమాడాడు. వెతుకులాట ముమ్మరమయ్యేసరికి దొంగ దిగొచ్చాడు. ఇంత పెద్ద మొత్తం కాబట్టి లోకమంతా చూసింది. మన వెయ్యి డాలర్ల కోసం ఎవరూ చూడరు. ఇండియాలో అయితే వెంటనే 1930 కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి, హాష్, దొంగ అడ్రస్ ఇవ్వాలి. యూఎస్‌డీటీ అయితే, దొంగ దాన్ని వేరే కాయిన్‌లోకి మార్చేలోపు ఆ కాయిన్ జారీచేసే టెథర్ సంస్థ ఆ అడ్రస్‌ని స్తంభింపజేయగలదు. బిట్‌కాయిన్‌కి ఆ మీట లేదు.

సిక్కోలు_ఫ్రీలాన్సర్
సరే. టెస్ట్ మానను, హిస్టరీ ముట్టను. కానీ పందెం సగమే ఓడాను బావా, నువ్వు ఫోన్‌లో అన్నది "టెస్టే పంపకు" అని, అక్క కూడా వింది.

ఒక్క సందేహం. అడ్రస్ పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు కలగలిపి వస్తుంది కదా. అందులో తప్పుంటే యాప్ పట్టుకుంటుందని విన్నాను. అది చాలదా?

పాతకోడర్
మీరు చేత్తో టైప్ చేసి ఒక అక్షరం తప్పితే పట్టుకుంటుంది. ఆ పెద్దా చిన్నా అక్షరాల అమరికే ఒక తనిఖీ, 2016 నుంచి ఉంది. మొత్తం చిన్న అక్షరాల్లో రాసిన అడ్రస్‌కి ఆ తనిఖీ కూడా ఉండదు. దొంగ పంపే అడ్రస్‌లో మాత్రం తప్పే ఉండదు. అది వాడి సొంత అడ్రస్, తనిఖీలో శుభ్రంగా నెగ్గుతుంది.

రామంతపూర్_రాజు
గందుకే అంటున్న, యాప్‌ల నడుమ చుక్కలు తీసేయుండ్రి అని. నాలుగేసి అక్షరాల ముక్కలు చేసి మొత్తం సూపిస్తే ఏం పోతది? సెట్టింగ్స్‌ల వెతికినా దొరకలే.

డల్లాస్_బావ
కొన్ని హార్డ్‌వేర్ వాలెట్లు అలా ముక్కలు చేసే చూపిస్తాయి. మీది ఏ యాప్ రాజు గారూ?