సమస్యాపూరణం: “మైనమద్ది యింటి మకిలి పెంచె”

నిర్వాహకుడు (కాజీపేట): దసరా దగ్గర పడ్డది, ఏ ఇంట్లో చూసినా తలుపులు, బీరువాలు మెరిపించే హడావుడే. అది చూస్తుంటే ఈ పాదం తట్టి నాకే నవ్వొచ్చింది. మైనం అద్దితే ఇల్లు మెరవాలె గానీ మకిలి పెరుగుడేంది? ఈ పాదమే ఆఖరున వచ్చి అర్థం కుదిరేటట్టు పద్యం అల్లాలె. కానివ్వండి.

జనగామ బాడిస: మొదటి బోణీ నాదే.

దుమ్ము తుడువకుండ దొడ్డపొరలు వేసి
ఆరనీక రుద్ది హాయి యనుచు
పెద్దమామ పాత బీరువాకంతకు
మైనమద్ది యింటి మకిలి పెంచె

భద్రకాళి గట్టు: యతులన్నీ (పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరం జోడు కలుసుడు) కుదిరినయి, సంతోషం. కానీ అన్నా, ఇందులో సమస్య ఎక్కడుంది, పూరణ ఎక్కడుంది? దుమ్ము తుడవకుండా పూస్తే మకిలి పెరగక ఏమైతది? ఉన్నదున్నట్టు చెప్పి చేతులు దులుపుకున్నవు.

జనగామ బాడిస: ఉన్నదే చెప్పిన, ఎందుకంటే చాలామందికి అదే తెల్వదు. మైనం మురికిని తీయదు, మురికి మీద మూత వేస్తది. ముందు పొడిబట్టతో దుమ్ము దులిపి, జిడ్డుంటే టర్పెంటైన్ తడిపిన గుడ్డతో తుడిచి, ఆరినంక పలుచగా, ఉందా లేదా అన్నంత పలుచగా పూయాలె. పది పదిహేను నిమిషాలకు పైన మసకగా కమ్ముతది, అప్పుడు పాత నూలు ధోవతి ముక్కతో రుద్దితే నిగ్గు వస్తది. మెరిసేది రుద్దుడుతోనే, డబ్బా ఖాళీ చేసుడుతో కాదు. “దొడ్డపొరలు” అని ఊరికే పెట్టలేదు తమ్మీ.

భద్రకాళి గట్టు: సరే, ఇప్పుడు నాది చూడు.

మెఱుగు పెట్టి యమ్మ మెట్లు గడపలెల్ల
అద్దమట్లు చేయ నంతలోన
గూట దూరి రెట్ట గుప్పించి వెడలెను
మైన, మద్ది యింటి మకిలి పెంచె

మట్టెవాడ అక్క: అబ్బ! మైనం ఎగిరిపోయి మైన వాలింది. మద్ది కర్ర ఇల్లు, దీపం గూట్లో పిట్ట, మెట్లమీద రెట్ట. విరుపు అంటే, మాటను ఇంకోచోట విరిచి కొత్త అర్థం తెచ్చుడంటే, ఇది.

జనగామ బాడిస: అక్కా, తొందరపడకు. పిట్ట పేరు “మైనా”, చివర దీర్ఘం. ఆ దీర్ఘం మింగి పాదంలో ఇరికించిండు. పైగా మన దగ్గర దాన్ని గోరింక అంటరు గానీ మైన అనేదెవరు?

భద్రకాళి గట్టు: సీతా సీత అయితది, గంగా గంగ అయితది, మైనా మైన కావొద్దా?

జనగామ బాడిస: అవి సంస్కృతం నుంచి వచ్చినయి. ఇది హిందీ పిట్ట, దానికి ఆ సూత్రం చెల్లదు.

భద్రకాళి గట్టు: అట్లయితే నువ్వు రోజూ రందా (చిత్రిక) పట్టేది దర్వాజకా, దర్వాజాకా?

నిర్వాహకుడు (కాజీపేట): బాడిసా, దర్వాజ దగ్గర దొరికిపోయినవు. ఒప్పుకో.

జనగామ బాడిస: దర్వాజ ఒప్పుకుంటా, మైన ఒప్పుకోను.

భద్రకాళి గట్టు: యతుల సంగతి తెలిసినోడివే కదా. పోయినసారి “తేనెటీగలోన తెలిసె మొగము” ఇస్తే “టేకుబల్ల మీద తేటగా రాసిన” అని ఎత్తుకున్నదెవరు? టేకుకూ తేటకూ యతి వేసిన చేతులు ఇప్పుడు నా దీర్ఘం కొలుస్తున్నయి. అదీ బమ్మెర పోతన జిల్లాల ఉండి!

జనగామ బాడిస: ఆ పద్యం మర్నాడే దిద్దిన. దిద్దింది ఎవరూ చదవరు.

మట్టెవాడ అక్క: మీ ఇద్దరి కొట్లాట ఆగేటట్టు లేదు, నడుమ నాదొకటి.

పసుపు నిలువదాయె పండుగ పూటను,
కొత్త నిగ్గు వలన కుంకుమూడె,
అత్త కసరె “కోడలనుదినము గడపకు
మైనమద్ది యింటి మకిలి పెంచె”

నిర్వాహకుడు (కాజీపేట): భేష్. మైనం పూసిన చెక్క నీళ్లు పీల్చదు, పసుపు ముద్ద పట్టక జారిపోతది. మన గడప సంగతి తెలిసినవాళ్లకే వచ్చే ఊహ ఇది. కానీ మూడో పాదం చివర “కు” ఒకటి ఎక్కువ పడ్డది. “అనుదినము గడప” దగ్గర ఆపితే సరి. ఇంకొకటి, పండుగ పూట కుంకుమ ఊడుడేందక్కా?

మట్టెవాడ అక్క: ఊడింది గడప కుంకుమ సార్, నాది కాదు. “కు” తీసేస్తున్న.

భద్రకాళి గట్టు: మెరుపు అంటే వేయిస్తంభాల గుడిది. 1163లో కట్టింది, నల్లరాతి స్తంభాల్లో ఇప్పటికీ నీడ కనిపిస్తది. వాటికి ఏ డబ్బా మైనం పూసిండ్రట?

జనగామ బాడిస: రాయికి మెరుపు నూరుడుతో వస్తది, కర్రకు రుద్దుడుతో. రెండూ కలిపి పద్యం రాసేవు, నీకు అలవాటే.

పరకాల నుంచి కొత్త సభ్యుడు: అన్నలూ, పద్యాలు నాకు రావు. మా ఇంట్లో నిజంగానే బీరువాకు మందంగా పూసిండ్రు, ఎండాకాలం అంతా జిగటగా ఉంది, చెయ్యి పెడితే వేలిముద్ర పడుతున్నది. ఏం చేయాలె?

జనగామ బాడిస: తేనె మైనం 62–64 డిగ్రీలకు కరుగుతది. మే నెల ఎండకు కరగకపోయినా మెత్తబడుతది, అందుకే దుమ్ము అంటుకుంటది. గుడ్డకు టర్పెంటైన్ అద్ది కొంచెం కొంచెంగా పాత మైనం తీసెయ్. తలుపులు తెరిచి పెట్టు, దగ్గర్ల పొయ్యి ఉండొద్దు, అది భగ్గున అంటుకునే సరుకు. తీసిన గుడ్డలు ఉండచుట్టి మూలకు పడెయ్యకు, బయట పరిచి ఆరబెట్టు. మళ్లీ పూసేటప్పుడు కార్నూబా కలిసింది తీసుకో, అది బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల మైనం, 80 డిగ్రీలు దాటితే గానీ కరగదు. ఇంట్లోనే చేసుకుంటే మైనం గిన్నెను వేడినీళ్లలో పెట్టి కరిగించు, సీదా మంట మీద పెట్టకు. టర్పెంటైన్ కలిపేది స్టవ్ ఆర్పినంకనే. ఇంకా, సిలికాన్ స్ప్రేలు కొట్టకు. తర్వాత ఎప్పుడన్నా కొత్తగా పాలిష్ వేయిస్తే పూత పట్టక గుంటలు గుంటలు పడుతది. మెట్లకు మాత్రం వద్దు, ఇంట్లో ముసలోళ్లుంటే జారుతరు.

భద్రకాళి గట్టు: వచనం మాత్రం మంచిగ రాస్తవన్నా.

జనగామ బాడిస: నువ్వు ముందు గోరింకతో పూరించు, అప్పుడు మాట్లాడు.