మా ఇంట్లోనే ఒక బిడ్డకు టీకాలు వద్దంటున్నారు, ఊరుకోవాలా?

దేవరకొండ కోడలు:
మాది ఉమ్మడి కుటుంబం. నా పాపకు రెండు నెలలు, మా తోటికోడలి బాబుకు అయిదు. బాబుకు నెలన్నరప్పుడు పెంటావాలెంట్ సూది (కోరింత దగ్గుతో కలిపి అయిదు జబ్బులకు ఒకే టీకా) వేయించారు. ఆ రాత్రి తొడ గట్టిపడి, ఒళ్లు కాలిపోయి, తెల్లవారేదాకా ఏడ్చాడు. అప్పటి నుంచి ఆమె టీకా మాట ఎత్తనివ్వడం లేదు. "నీ పాపకు వేయించావుగా, నీకు భయమెందుకు" అంటుంది. మా అత్తయ్య "ఎవరి బిడ్డ వాళ్లిష్టం, మనకెందుకు" అంటారు. ఇద్దరు పిల్లలూ ఒకే చాప మీద పడుకుంటారు. నిజంగా ఇది ఆమె ఒక్కదాని ఇష్టమేనా?

నకిరేకల్ ఆశా:
కాదు చెల్లీ. మీ పాపకు ఒక్క డోసే పడి ఉంటుంది. ఆరు, పది, పద్నాలుగు వారాలకు మూడూ పడేదాకా కోరింత దగ్గు నుంచి గట్టి రక్షణ ఉండదు. తట్టు టీకా తొమ్మిది నెలలు నిండాకే. అప్పటిదాకా చుట్టూ టీకా వేయించుకున్నవాళ్లే పాపకు కంచె.
అయినా మీ తోటికోడలిని కసురుకోకండి. జ్వరం వస్తుందని ఆమెకు ముందే ఎవరైనా చెప్పారా? ఆ సూదిలో కోరింత దగ్గు మందు వల్లే ఎక్కువగా జ్వరం వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. ఆ ముక్క చెప్పకుండా పంపితే తప్పు మా ఆరోగ్య కార్యకర్తలదే. మా ఊళ్లో వీడియోలు చూసి వద్దన్నవాళ్లు ఇద్దరే. మిగతావాళ్లందరిదీ ఒక్క రాత్రి భయం.

మిర్యాలగూడ నాన్న:
నేనూ ఆపినవాణ్నే. 2019 మార్చిలో హైదరాబాదులో టీకా తర్వాత జ్వరానికి పారాసిటమాల్ బదులు ట్రమడాల్ అనే గట్టి నొప్పి మాత్రలు ఇచ్చారు, పసిబిడ్డలు చనిపోయారు. అప్పుడు మావాడికి పది వారాలు. తప్పు టీకాది కాదని తెలుసు. కానీ ఇచ్చే చేతులు అవే కదా! "చదువుకున్నవాడివి, ఇదేమి మూర్ఖత్వం" అన్నకొద్దీ బిగుసుకున్నాను. మూడు నెలల తర్వాత టీకాలు వేసే నర్సు, ఒక ఏఎన్ఎం అమ్మ, మాత్రల పట్టీ నా చేతిలో పెట్టి "పేరు నువ్వే చదువు" అంది. టీకా సీసా మీద గడువు తేదీ కూడా చూపించింది. చదివాను, వేయించాను.
ఒకటి ఒప్పుకోవాలి. ఆ మూడు నెలలూ మావాడికి ఏమీ కాలేదంటే పక్కింటివాళ్లు వేయించారు కనుకే అనుకుంటాను. వాళ్ల పిల్లలు జ్వరంతో ఏడ్చిన రాత్రులు నేను హాయిగా నిద్రపోయాను.

నారాయణపేట పంతులు:
2017 ఆగస్టులో తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలకు తట్టు, రుబెల్లా టీకా మొదలైంది. రేపు పెళ్లయ్యాక పిల్లలు పుట్టరని వాట్సాప్‌లో పుకారు. మా బడిలో ఆ రోజు సగం బెంచీలు ఖాళీ. ఆరో తరగతి చదివే నా మనవరాలిని వరుసలో మొదట నిలబెట్టాను. మర్నాడు మరికొందరు వచ్చారు. ఆటిజం వస్తుందని ఒక తండ్రి పట్టుబట్టాడు. ఆ భయానికి మూలం 1998లో ఇంగ్లండు వైద్యుడొకరు పన్నెండు మంది పిల్లల మీద రాసిన పత్రమనీ, అచ్చువేసిన పత్రికే 2010లో దాన్ని రద్దు చేసిందనీ చెప్పాను. ఆయన వినలేదు లెండి.

భువనగిరి బాబాయి:
ఇంత బతిమాలడం ఎందుకు? టీకా కార్డు నిండకపోతే రేషను ఆపాలి, అంగన్‌వాడీ గుడ్డు ఆపాలి. పరాయి పిల్లల ప్రాణం మీదికి తెచ్చే హక్కు ఏ తల్లిదండ్రులకూ లేదు.

కోస్గి చిన్నోడు:
బాబాయ్, ఆ దెబ్బ ఎవరికి తగులుతుందో చూశారా? మా వైపు నుంచి ముంబయి, పుణె కూలిపనులకు వెళ్లేవాళ్ల పిల్లల కార్డుల్లో గడులు ఖాళీగా ఉంటాయి. వాళ్లు వద్దనలేదు. బుధవారం, శనివారం టీకాలు వేసేనాటికి ఊళ్లో లేరు, అంతే. కావాలని మానేసే కలిగినవాళ్లకు రేషను బియ్యంతో పనేమిటి? పైగా నిర్ణయం తల్లిదండ్రులది, గుడ్డు పోయేది బిడ్డకు.

భువనగిరి బాబాయి:
గుడ్డు మాట వెనక్కి తీసుకుంటున్నాను. హక్కు మాట మాత్రం తీసుకోను.

దేవరకొండ కోడలు:
రాత్రి జ్వరం సంగతి చెప్పాను. "ఆ రోజే ఎవరైనా చెప్పి ఉంటే" అని ఊరుకుంది. వస్తానని అనలేదు కానీ కార్డు తీసి చూసుకుంది. మధ్యలో మూడు నెలలకు పైగా పోయాయి, మళ్లీ మొదటి నుంచి వేస్తారేమోనని ఆమె బెంగ.

నకిరేకల్ ఆశా:
అక్కర్లేదు. ఆగిన చోటి నుంచే. రెండోది ఇప్పుడు, మూడోది నెల తర్వాత, ఏడాది నిండకముందే పూర్తి కావాలి. శనివారం పొద్దున్నే రమ్మనండి. సూది తర్వాత అరగంట అక్కడే కూర్చోవాలి. జ్వరం మందు ఎంత వేయాలో బరువు చూసి చెప్పించుకోండి. వాపు మీద కాఫీ పొడి, సున్నం పెట్టవద్దు, చల్లని తడి గుడ్డ చాలు.